గుల్ల నేలలో బోరు కూలిపోతోందా? కారణాలివే.. ఈ జాగ్రత్తలు తీసుకోండి!

లక్షలు పోసి బోరు వేయిస్తారు. నీళ్లూ పడతాయి. తీరా మోటారు దించేసరికి బోరు సగం పూడిపోయి ఉంటుంది. ఒక్కోసారి డ్రిల్లింగ్ జరుగుతుండగానే మట్టి జారి హ్యామర్, రాడ్లు లోపలే ఇరుక్కుపోతాయి. ఎందుకిలా? మెత్తటి నేలలో బోరు నిలబడాలంటే ఏం చేయాలి?

అసలెందుకు కూలుతుంది?
నేలకు రంధ్రం పడగానే చుట్టూ ఉన్న మట్టికి ఆసరా పోతుంది. గట్టి గ్రానైట్ అయితే దానంతటదే నిలుస్తుంది. ఇసుక, మొరం, పగుళ్ల రాయి అలా నిలవవు. పక్కల నుంచి తోసుకొచ్చే భూగర్భ జలం వాటిని ఇంకా జార్చేస్తుంది.

రాతి నేలల్లో..
తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల పైన మట్టి, మొరం.. కింద గట్టి రాయి. ఇక్కడ గాలి ఒత్తిడితో పనిచేసే బోరు బండ్లే ఎక్కువ. గాలికి గోడను ఆపే బలం ఉండదు కాబట్టి కేసింగ్ పైపే దిక్కు. అది మొరంలో ఆగితే లాభం లేదు. గట్టి రాయిలోకి కాస్త దిగి కూర్చోవాలి. ఖర్చు తగ్గుతుందని రెండు పైపులు మిగుల్చుకుంటే మొత్తం బోరే పోవచ్చు. ఎన్ని అడుగులు వేయాలన్నది బయటికొచ్చే పొడిని చూసే తేల్చాలి.

లోతులో మళ్లీ మెత్తటి పొర తగిలితే? సిమెంటు పాలు పోసి, గట్టిపడ్డాక తిరిగి డ్రిల్ చేయడం ఒక దారి. కానీ నీటి ఊట అక్కడే ఉంటే సిమెంటు దాన్నీ మూసేస్తుంది. అలాంటప్పుడు చిల్లుల పైపు దించడమే మేలు.

ఇసుక నేలల్లో..
గోదావరి, కృష్ణా డెల్టాల్లాంటి చోట్ల బెంటోనైట్ మట్టిని నీళ్లలో కలిపి బోరులో నింపుతూ తవ్వుతారు. ఆ ద్రవం గోడకు పల్చటి పూతలా పట్టుకుంటుంది, దాని బరువే గోడను ఆపుతుంది.

* బోరులో ద్రవం మట్టం చుట్టుపక్కల భూగర్భ జల మట్టం కంటే ఎప్పుడూ పైనే ఉండాలి.
* రాడ్లను ఒక్కసారిగా లాగొద్దు. ఆ పీల్పుకే గోడ కూలుతుంది. లాగేకొద్దీ ద్రవం నింపాలి.
* తవ్వకం పూర్తయ్యాక ఆలస్యం చేయకుండా ఫిల్టర్ పైపు దించి, చుట్టూ గులకరాళ్లు పోయాలి.
* చివర్లో బోరును బాగా కడగాలి. లేదంటే ఆ పూతే నీటిని అడ్డుకుంటుంది.

ఇది మాత్రం మర్చిపోవద్దు!
కూలిన బోరును తెరిచి వదిలేస్తే పిల్లల ప్రాణాలకే ముప్పు. పనికిరాని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని 2010లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.