కత్తి తోక మీద సంతకం

కిందటి శీతకాలంలో నా పేషెంటొకాయన, బి.పి. చూపించుకున్నాక, "డాక్టర్, మీరు ఆసియా వారు కదా, ఒక కత్తి మీది అక్షరాలు చదివిపెడతారా?" అని అడిగారు. ఆసియా వాళ్ళందరికీ అన్ని లిపులూ వచ్చునని యిక్కడ కొందరి నమ్మకం. నాకు జపానీ అక్షరం ముక్క రాదన్నా ఆయన వినలేదు. వాళ్ళ నాన్నగారు 1945లో యుద్ధం నుంచి తెచ్చుకున్న కత్తి అట. ఆయన పోయాక అటక మీద దొరికింది. "పిడి వూడదీస్తే లోపలంతా తుప్పు. ఉప్పుకాగితంతో రుద్ది తెస్తాను" అన్నారు. పరీక్ష చేయకముందే దేన్నీ కడగవద్దనే వృత్తిధర్మం కొద్దీ, వద్దన్నాను. ఆ మాట ఎంత అవసరమో పుస్తకాలు తిరగేశాక తెలిసింది. ఆ నాలుగు ముక్కలే మన సభ్యుల కోసం రాస్తున్నాను.

జపాను కమ్మరి తన పేరు పైకి కనిపించే అలుగు మీద చెక్కడు. పిడిలోకి దిగి, వెదురు చీలతో బిగించివుండే తోక మీద చెక్కుతాడు. దానిని నకాగో అంటారు. అలుగును తరతరాలుగా సానపెడతారు గాని నకాగోను ముట్టుకోరు. అందుచేత దాని తుప్పే వయసు చెబుతుంది. కొత్త తుప్పు ఎర్రగా రాలుతుంది. వందల యేళ్ళది నల్లగా, గట్టిగా పట్టుకుపోయి వుంటుంది. ఆకురాయి గీతల వాలు, తోక చివరి కోత ఒక్కొక్క సంప్రదాయానిది ఒక్కొక్క తీరు.

సంతకం ఏ పక్కన వుందో కూడా చూడాలి. పాతకాలపు తాచి కత్తిని పదును కిందికి వుండేలా నడుముకు వేలాడదీసేవారు. తర్వాత వచ్చిన కతానాను పదును పైకి వుండేలా దోపుకునేవారు. రెండింటికీ సంతకం ఒంటికి అవతలి వైపు వుండడం వాడుక కనుక పక్క మారింది. హిజెన్ సీమలోని తదయోషి వంశం వారు మాత్రం కతానాల మీద కూడా ఎక్కువగా పాత పక్కనే చెక్కారు. తేదీ వుంటే వెనకవైపు వుంటుంది. కొన్నింటి మీద మన ప్రభవ, విభవల వంటి అరవై యేళ్ళ చక్రంలోని సంవత్సరం పేరే వుంటుంది. ఏ చక్రమో మనం తేల్చుకోవాలి.

చదవడం ఒక యెత్తు, నమ్మడం ఒక యెత్తు. 17వ శతాబ్దంలో ఎదో నగరంలో కొతెత్సు అనే ఆయన వుండేవారు. మొదట కవచాలు చేసి, తర్వాత కత్తులకు దిగారు. ఆయన పేరుతో దొంగ సంతకాలు ఎన్ని పుట్టాయంటే, కొతెత్సు అని కనిపిస్తే ముందు అనుమానించడమే నియమమైంది. మరోపక్క మహా ప్రసిద్ధుడైన మసమునే కత్తులలో సంతకం వున్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. పొడుగు కత్తులను తోకవైపు కోసి పొట్టి చేసినప్పుడు ఎందరి సంతకాలో పోయాయి. అందుకనే అక్కడ కత్తి పరీక్ష నేర్పేటప్పుడు తోక మూసివుంచి, వంపు, ఉక్కు పొరల నేత, పదును వెంట అలలా సాగే తెల్లని గీత చూసి, ఎవరు చేశారో చెప్పమంటారు. సంతకం ఆఖరున చూపిస్తారు. పాత కేస్ షీట్ చూడకుండా ముందు రోగిని చూడమని మా మాస్టర్లు చెప్పినట్టే.

మా ఆస్పత్రిలోని జపానీ డాక్టరుగారు ఆ ఆరు అక్షరాలనూ నిమిషంలో చదివారు: "బిషూ ఒసఫునే సుకెసద". అంటే బిజెన్ సీమ, ఒసఫునే వూరు, సుకెసద. రోగం తెలిసిపోయిందనుకున్నాను. తీరా చూస్తే సుకెసద పేరు పెట్టుకున్న కమ్మరులు డజన్లకొద్దీ వున్నారు. 16వ శతాబ్దపు యుద్ధాలకు ఆ వూరు కత్తులను రాసులుగా చేసింది. ప్రత్యేకంగా చేయించుకున్న వాటిమీద యొసోజయెమోన్ వంటి సొంత పేరు కూడా చెక్కేవారు. మామూలు వాటికి యింటిపేరు లాంటి ఈ పొట్టి సంతకమే. మా కత్తి తోక పొట్టిది, ఒంటిచేత్తో పట్టే కాలంనాటిది, తుప్పు నలుపు. ఒళ్ళూ పేరూ సరిపోయాయి. సుకెసదే, ఏ సుకెసదో చెప్పలేము.

ఇలా సముద్రం దాటిన కత్తి ఒకటి తిరిగి వెళ్ళడానికి కారణం మన వృత్తివాడే. ఆల్కా సెల్ట్జర్ చేసిన మైల్స్ లేబరేటరీస్ అధిపతి డాక్టర్ వాల్టర్ కాంప్టన్, ఒక పాతవస్తువుల అంగట్లో కునిమునే అనే రెండక్షరాల సంతకమున్న కత్తి కొన్నారు. విచారిస్తే అది కగోషిమాలోని తెరుకుని ఆలయానిది, యుద్ధానంతరం మాయమైన జాతీయ నిధి! 1963లో ఆయన పైసా పుచ్చుకోకుండా తిరిగి యిచ్చేశారు.

ఈ కథ చెబితే మా పేషెంటు, "నేనూ యిచ్చేద్దును, ఎవరికివ్వాలి?" అన్నారు. సంతకం కమ్మరిదే గాని సొంతదారుడిది కాదు. లొంగిపోయినప్పుడు కొందరు జపాను ఆఫీసర్లు తమ పేరు, వూరు రాసిన చెక్కముక్కను కత్తికి కట్టి యిచ్చేవారు. ఆ మాట చెప్పగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఒరకు ఒక చెక్కముక్క వేలాడుతూ వుండేదట. దానితో ఆడుకున్నారట. ఏమైందో గుర్తులేదు.

మీ యిరుగుపొరుగున ఇటువంటి కత్తి బయటపడితే తుప్పు గీకవద్దని చెప్పండి. దానికి కట్టివున్న చెక్కముక్క పారేయవద్దని అంతకన్నా ముందు చెప్పండి.