కంప్యూటర్ వేడి తెరపై: డెస్క్‌టాప్ విడ్జెట్లు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ జాగ్రత్త పడాలి

డెస్క్‌టాప్ తెరపై ఒక మూలన నిలిచి గడియారం, వాతావరణం, బ్యాటరీ వంటి వివరాలను నిరంతరం చూపే చిన్న పలకలనే విడ్జెట్లు అంటారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కుల ఉష్ణోగ్రతను కూడా వీటిలో చూపవచ్చు. అయితే విడ్జెట్ స్వయంగా దేనినీ కొలవదు. వేరొక ప్రోగ్రామ్ తెచ్చి ఇచ్చిన అంకెకు రంగు, రూపం అద్దడం వరకే దాని పని. ఆ అంకె ఎక్కడి నుంచి, ఏ దారిన వస్తోందన్నదే అసలు తెలుసుకోవలసిన విషయం.

ఆధునిక ప్రాసెసర్ల చిప్‌లోనే ఉష్ణోగ్రత సెన్సర్లు ఉంటాయి. ఇంటెల్ ప్రాసెసర్‌లోని డిజిటల్ సెన్సర్ వేడి ఎంతో నేరుగా చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో మాత్రమే చెబుతుంది. పరిమితి 100 డిగ్రీల సెల్సియస్ అయి, సెన్సర్ 38 అని చెబితే, ప్రోగ్రామ్ తీసివేత చేసి 62 అని చూపుతుంది. ఈ సమాచారం ఉండే రిజిస్టర్లను సాధారణ ప్రోగ్రాములు చదవలేవు. ఆపరేటింగ్ సిస్టమ్ గర్భమైన కెర్నెల్ స్థాయిలో పనిచేసే డ్రైవర్‌కే ఆ అధికారం ఉంటుంది. విండోస్ టాస్క్ మేనేజర్ 2020 మే నాటి అప్‌డేట్ నుంచి విడి గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతను చూపుతోంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత కావాలంటే మాత్రం బయటి సాధనాన్ని ఆశ్రయించక తప్పదు.

విండోస్‌లో ఇందుకు బాగా పేరున్నది రెయిన్‌మీటర్. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. ఇందులో ప్రతి విడ్జెట్‌నూ ‘స్కిన్’ అంటారు. అది నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోగల మామూలు టెక్స్ట్ ఫైలు. అందులో ‘మెజర్’ అనే భాగం అంకెను తెస్తుంది, ‘మీటర్’ అనే భాగం దానిని అక్షరాలుగానో, పట్టీగానో, ముల్లుగానో గీస్తుంది. 80 డిగ్రీలు దాటగానే అంకె ఎర్రబడాలన్న షరతును రెండు మూడు పంక్తుల్లో రాసుకోవచ్చు. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి సాధనాలు నేపథ్యంలో నడుస్తూ ఉంటేనే ఈ అంకెలు అందుతాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉచిత ప్రతిలో ఇతర ప్రోగ్రాములకు సమాచారం పంచే సదుపాయం 12 గంటలకు ఆగిపోతుంది, మళ్లీ ప్రారంభించుకోవాలి. విడ్జెట్ హఠాత్తుగా మొరాయించిందంటే ముందుగా చూడవలసింది ఇదే.

లైనక్స్‌లో దారి సూటిగా ఉంటుంది. సెన్సర్ల విలువలను కెర్నెలే ఫైళ్ల రూపంలో అందిస్తుంది, కాంకీ వంటి విడ్జెట్ ప్రోగ్రామ్ వాటిని చదువుకుంటుంది. కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడు సెన్సర్ల వరుస సంఖ్యలు మారిపోవచ్చు. కాబట్టి సంఖ్యతో కాక సెన్సర్ పేరుతో వెతికేలా అమర్చుకోవడం మేలు.

భద్రత సంగతికి వస్తే, విడ్జెట్ల చరిత్ర అంత నిష్కళంకమైనది కాదు. విండోస్ విస్టాతో వచ్చిన గ్యాడ్జెట్లలో లోపాలున్నాయంటూ, వాటిని నిలిపివేయాలని 2012 జులైలో మైక్రోసాఫ్టే సూచించింది. విండోస్ 8లో అవి కనుమరుగయ్యాయి. ఇప్పటి ముప్పు మరింత లోతున ఉంది. అనేక ఉష్ణోగ్రత సాధనాలు ఏళ్ల తరబడి విన్‌రింగ్0 అనే ఒకే డ్రైవర్‌పై ఆధారపడ్డాయి. హార్డ్‌వేర్‌ను నేరుగా తాకే ఆ డ్రైవర్‌ను వాడుకుని హానికర ప్రోగ్రామ్ కంప్యూటర్‌పై పూర్తి పట్టు సాధించగలదు. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దానిని ముప్పుగా గుర్తించి అడ్డుకోవడంతో, ఎందరో వినియోగదారుల ఫ్యాన్ నియంత్రణ, ఉష్ణోగ్రత సాధనాలు పనిచేయకుండా పోయాయి. ఇటువంటి హెచ్చరిక వస్తే డిఫెండర్‌కు మినహాయింపు ఇచ్చి ముందుకు సాగడం తేలికే, కానీ అది తలుపు తీసి పడుకోవడమే. డ్రైవర్ మార్చిన కొత్త ప్రతి వచ్చిందేమో తయారీదారు సొంత సైట్‌లో చూడటం సరైన పని. స్కిన్ ప్యాకేజీల్లో స్క్రిప్టులు, ప్లగిన్లు కూడా ఉండగలవు గనుక, అందమైన బొమ్మ చూసి ఎక్కడపడితే అక్కడి నుంచి దింపుకోరాదు.

కనిపించిన ప్రతి అంకెనూ నమ్మనక్కరలేదు. మదర్‌బోర్డులో దేనికీ కలపని సెన్సర్ 127 డిగ్రీలనో, సున్నాకు దిగువనో చూపవచ్చు. ఏఎండీ తొలితరం రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్ నియంత్రణ కోసం అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. రైజెన్ 7000 శ్రేణి పూర్తి భారంలో 95 డిగ్రీల వద్ద పనిచేసేలా రూపొందింది; ఆ అంకె చూసి కంగారు పడవలసిన పని లేదు. పరిమితిని తాకితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, వేడి ఇంకా పెరిగితే కంప్యూటర్ ఆగిపోతుంది.

గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెలలో 38కి చేరితే, అదే పనికి చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. గది వేడి, చేసే పని మారకుండానే కొన్ని నెలల్లో అంకె పది డిగ్రీలు పెరిగిందంటే, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుందని గాని, థర్మల్ పేస్ట్ ఎండిపోయిందని గాని అనుమానించాలి. అందుకే ఒక్క అంకె కన్నా గీత రూపంలోని గ్రాఫ్ ఉపయోగకరం. రెయిన్‌మీటర్‌లో ‘లైన్’ అనే మీటర్ దానిని గీస్తుంది.