ఫ్రెంచి రిజిస్టర్లో మా ఇంటి మనిషి

మా టీంలో ఒక మెక్సికన్ కుర్రాడున్నాడు. వాళ్ళ ముత్తాత ఎవరో, ఏ ఊరివాడో స్మశానం రికార్డులు చూసి కనిపెట్టాడట. అన్నీ స్పానిష్‌లో ఉన్నాయిట, వీడికేమో స్పానిష్ సగం సగమే వచ్చు. లంచ్‌లో ఆ కథంతా చెప్పి "మీవాళ్ళ సమాధులెక్కడ?" అనడిగాడు. మావాళ్ళని గోదాట్లో కలిపేశాం నాయనా అన్నాను. నవ్వేసి ఊరుకున్నాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నిజానికి మా రామచంద్రపురం చుట్టుపక్కల రాతిమీద పేర్లు లేకపోలేదు. కాకపోతే అవి మనవి కావు. మాకు కూతవేటులో ఉన్న ద్రాక్షారామంలో డచ్చివాళ్ళకి గిడ్డంగి ఉండేది. మనవాళ్ళు వాళ్ళని ఒలందులు అనేవారు. అక్కడా, కాకినాడ జగన్నాథపురంలోనూ గుడ్డలు కొని ఓడలకెక్కించి, 1825లో అన్నీ ఇంగ్లీషువాళ్ళకప్పగించి పోయారు. ఇక ఇంగ్లీషువాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మద్రాసు రాజధానిలో వాళ్ళ సమాధుల మీద ఉన్న రాతలన్నీ కాటన్ అనే ఆయన 1905లో పెద్ద పుస్తకంగా వేశాడు (ఆనకట్ట కాటన్ కాదండోయ్, ఈయన వేరు). ఎక్కడినుంచో వచ్చి జ్వరమొచ్చి పోయిన గుమాస్తాకి కూడా పేరూ తేదీ ఉన్నాయి. ఇక్కడే పుట్టి ఇక్కడే పోయిన మా వాళ్ళకి లేవు.

మనకున్నదల్లా తర్పణం. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, మామ్మ, తాతమ్మ. మూడు తరాలు. నాలుగోది వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. మా భాషలో చెప్పాలంటే సైజు మూడున్న క్యూ. కాశీలోనో గయలోనో పండాల చిట్టాల్లో మీవాళ్ళెవరైనా సంతకం పెట్టి ఉంటే అదృష్టం. మావాళ్ళు రాజమండ్రి దాటలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. మా తాతగారికి మామ్మ, అంటే వాళ్ళ నాన్నగారి కన్నతల్లి, గురించి మా ఇంట్లో ఒకే ఒక్క వాక్యం ఉంది. "రెండేళ్ళ పిల్లాణ్ణి వదిలేసి అలిగి యానాం పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు." అంతే. పేరు కూడా ఎవరికీ తెలీదు. పిల్లాణ్ణి పెంచింది సవతి తల్లి. తర్పణంలో మా తాతగారు మామ్మ స్థానంలో డెబ్భై ఏళ్ళుగా చెబుతున్నది కూడా ఆ రెండో ఆవిడ పేరే.

యానాం అనగానే నాకు లైటు వెలిగింది. రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం మీదుగా గంట ప్రయాణం, కానీ ఆ రోజుల్లో అది వేరే దేశం. 1723లో ఫ్రెంచివాళ్ళు దిగారు, మధ్యలో వదిలేశారు, పట్టుకున్నారు, ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు, తిరిగిచ్చారు, చివరికి 1954లో ఖాళీ చేశారు. 1930లో శారదా చట్టం అమల్లోకొచ్చాక మన వైపు పెద్దలు పసిపిల్లల్ని బళ్ళమీద ఎక్కించుకుపోయి పెళ్ళిళ్ళు చేసింది అక్కడే. దానికి కల్యాణపురం అనే పేరూ వచ్చింది. ఆ చరిత్ర గొప్పగా చెప్పుకునేదేమీ కాదు.

ఫ్రెంచివాళ్ళకి కాయితాల పిచ్చి. పుట్టుక, పెళ్ళి, చావు దేనికైనా సాక్షులతో సహా పురపాలక కచేరీలో రాయాల్సిందే. 1880 నాటి ఉత్తర్వు తర్వాత ఇది హిందువులకీ ముస్లిములకీ కూడా వర్తించింది. మరుసటేడు ఇంకో ఉత్తర్వుతో, మీ కులాచార ధర్మశాస్త్రం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి రావచ్చన్నారు. అలా వచ్చినవాళ్ళు కొత్త ఇంటిపేర్లు పెట్టుకున్నారు. 1962లో అప్పగింత ఒప్పందం పూర్తయ్యాక ఫ్రెంచి పౌరసత్వం కోరుకోడానికి ఆర్నెల్లు గడువిచ్చారు. కాబట్టి కొన్ని కుటుంబాలకి ఈ కాయితాలు సెంటిమెంటు కాదు, పాస్‌పోర్టు.

ఆ రిజిస్టర్ల నకళ్ళు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్ళో, వలసదేశాల దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. పాతవాటిని స్కాన్ చేసి నెట్లో పెట్టారు, ఉచితంగా. అన్నీ చేతిరాత బొమ్మలే. కంట్రోల్ ఎఫ్ పనిచెయ్యదు.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. ఫ్రెంచి గుమాస్తాకి మన 'ఉ' వినిపిస్తే ఓ-యు రాస్తాడు, 'చ' వినిపిస్తే టి-సి-హెచ్, 'జ' అయితే డి-జె. ఇంజనీరు బుద్ధి కదా, సౌండెక్స్ పెడదామనుకున్నాను. అది 1918లో అమెరికాలో పేటెంటు తీసుకున్న లెక్క, మొదటి అక్షరాన్ని ముట్టుకోదు. చిన్నయ్యని ఇంగ్లీషు పద్ధతిలో రాస్తే సి500, ఫ్రెంచి పద్ధతిలో రాస్తే టి250. ఒకే మనిషికి రెండు వేరే కోడ్లు! అది పక్కన పడేసి, ఫ్రెంచి పదాలు ఓ నలభై నేర్చుకున్నాను. ఫీయ్ ద అంటే ఫలానావారి కుమార్తె, ఎపూజ్ ద అంటే ఫలానావారి భార్య, వవ్ అంటే విధవ. ఆ తర్వాత వారాంతాల్లో పేజీ తర్వాత పేజీ చదవడమే. 1890లలో చివరి అయిదారేళ్ళు చాలన్నది నా అంచనా, ఎందుకంటే పిల్లాడు పుట్టిన ఏడు మాకు తెలుసు.

మరణాల రిజిస్టర్లో దొరికింది. భర్త పేరు మాదే, ఇంటిపేరు మాదే, భర్త నివాసం రామచంద్రపురం, బ్రిటిష్ భూభాగం. వయసు సుమారు ఇరవై రెండు. పక్కనే ఆవిడ పేరు. (ఇక్కడ రాయను, ఇంట్లో చెప్పాను.)

ఫ్రెంచి మరణపత్రంలో చావుకి కారణం రాయరు. అందుకే ముందు నాకేమీ అర్థం కాలేదు. పేజీ మార్చబోతూ పైనున్న నమోదు చూశాను. ముందురోజుది. మోర్ నే, అంటే పుట్టేటప్పటికే ప్రాణం లేని శిశువు. చచ్చి పుట్టిన బిడ్డల్ని కూడా మరణాల్లో రాయాలని నెపోలియన్ కాలంలో, 1806లో, పెట్టిన నియమం. తల్లి పేరు అదే. తండ్రి పేరు అదే.

అలిగి పోలేదు. పురిటికెళ్ళింది.

ఆ వాక్యం ఎవరు ఎందుకు అల్లారో నేను తేల్చలేను. రెండో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పనికొచ్చి ఉండొచ్చు. పురిటికని పంపి ఎవరూ చూడ్డానికెళ్ళలేదన్న సిగ్గు కప్పుకోడానికైనా అయ్యుండొచ్చు. నా ఊహలే ఇవి, రిజిస్టర్లో లేవు. అదే పేర్లతో అదే ఊళ్ళో ఇంకో జంట ఉండే అవకాశం కూడా పూర్తిగా కొట్టిపారెయ్యను. కానీ ఆ తర్వాత పదేళ్ళ పేజీలు తిరగేసినా ఇంకో జంట కనబడలేదు.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ప్రింటు తీసి తాతగారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, అర్థంకాని ఆ అక్షరాల మీద వేలుపెట్టి, పేరు ఎక్కడుందో అడిగి అక్కడే చాలాసేపు చూశారు. వాళ్ళ నాన్న చివరిదాకా ఎవరింట్లో పురిటి మాట వచ్చినా లేచి వెళ్ళిపోయేవారట. ఎందుకో తనకి తెలిసేది కాదన్నారు.

తర్వాత "తిథి ఏంట్రా?" అన్నారు.

ఇంగ్లీషు తేదీని పంచాంగం సాఫ్ట్‌వేర్లో కొట్టి చూశాను. ఆ రోజు సూర్యోదయానికి ముందు తిథి మారుతోంది. ఆ మాటే చెప్పాను.

"అయితే టైం కావాలి కదా" అన్నారు నిరాశగా.

"ఉంది తాతగారూ, రాశారు. తెల్లవారుజామున నాలుగింటికి."