కానుక అక్కడే పెట్టి, ముందు ఎవరి దగ్గరికి పోవాలి?

మా బుక్కపట్నం వైపు ఎరుకల, సుగాలి పిల్లలం కొందరం చర్చికి పోతాం, కొందరం పోము. అయినా మత్తయి సువార్త 5వ అధ్యాయంలోని ఒక మాట అందరికీ పనికొస్తుంది. కానుక అర్పించేటప్పుడు, నీ వల్ల సోదరుడు నొచ్చుకున్నాడని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడమన్నాడు ఏసు. గమనించండి, నీకు కోపం ఉంటే అనలేదు. అడుగు వేయాల్సింది నొప్పించినవాడే.

ఇప్పుడు మన చరిత్ర చూద్దాం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలన్నారు. ఆ తర్వాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. బడి, పొలం ఇచ్చారు, నిజమే. కానీ హాజరు పలకాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. ప్రార్థన నేర్పినవాళ్లే కాపలా కూడా కాశారు.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1950 నాటి దాని ఆరాధన క్రమంలో, చేతిలో చేయి వేసి ఒకరికొకరు సమాధానం అందించే పద్ధతి పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం ఇంకా పోలేదు. ఆ చేయి మన తండా దాకా, ఎరుకల వీధి దాకా రావాల్సే ఉంది.

మనకూ అదే లెక్క. మనలో ఎవరినైనా మనం నొప్పించి ఉంటే, ముందు మనమే పోదాం.