నీటి మీది విడిది

కొత్త దంపతుల విహారయాత్రకు గుర్తుగా నేడు ప్రపంచమంతటా చలామణీ అవుతున్న వాటర్ విల్లా, అంటే సముద్రపు నీటిలో గుంజలు పాతి వాటిపై కట్టే కుటీరం, ప్రాచీన ద్వీపవాసుల కట్టడమని చాలామంది భావిస్తారు గానీ, దాని వయస్సు అరవై ఏళ్లకు మించదు. ఫ్రెంచ్ పాలినేషియాలోని రయాటియా దీవిలో 1967లో హ్యూ కెల్లీ, జే కార్లైల్, డాన్ మెకల్లమ్ అనే ముగ్గురు కాలిఫోర్నియా వాసులు తమ హోటల్ ఎదుట మూడు కుటీరాలను ఈ పద్ధతిలో కట్టించారు. 1960ల ఆరంభంలో మొరేయా దీవిలో వనిల్లా తోట కొని, ఆ సాగులో లాభం కనబడక హోటళ్ల వ్యాపారంలోకి మళ్లిన ఈ ముగ్గురూ, అమెరికన్ రచయిత జేమ్స్ మిచెనర్ 1947 నాటి పుస్తకంలో కల్పించిన బాలీహాయ్ అనే దీవి పేరునే తమ హోటళ్లకు పెట్టుకున్నారు.

ఈ కొత్త పద్ధతికి కారణం సౌందర్యదృష్టి కాదు, ఇసుక లేకపోవడం. రయాటియా కొండ దాదాపు నేరుగా నీటిలోకి దిగుతుంది కనుక ప్రధాన దీవి చుట్టూ చెప్పుకోదగ్గ ఇసుకతీరం లేదు. అతిథిని తీరానికి తీసుకుపోలేని యజమానులు గదినే నీటిలోకి జరిపారు. పగడపు దిబ్బ బయటి అలలను అడ్డుకోవడం వల్ల దాని లోపల నిలకడగా, లోతు తక్కువగా ఉండే నీటిని లగూన్ అంటారు. అటువంటి నీరు లేకపోతే గుంజల మీది ఇల్లు తొలి తుపానుకే కొట్టుకుపోయేది. కప్పుకు స్థానికులు తరతరాలుగా వాడుతున్న పండానస్ ఆకులనే పరిచారు. ఇది మన మొగలికి దగ్గరి చుట్టం. గది నేలలో గాజు పలకను అమర్చి, రాత్రివేళ కింద దీపం వెలిగించగా, ఆ వెలుగుకు చేరిన చేపలను అతిథులు గదిలో కూర్చునే చూడగలిగేవారు. ఆ గాజుకు తహీతీ టెలివిజన్ అనే ముద్దుపేరు కూడా వచ్చింది. పాలినేషియన్ల సంప్రదాయ గృహమైన ఫరే మాత్రం నేల మీద కట్టుకునేదే.

పెళ్లయిన జంట ఏకాంతంగా దూరదేశం పోవడం పాశ్చాత్యులకు కూడా మరీ పాత అలవాటేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో బ్రిటన్‌లోని సంపన్న కుటుంబాల నూతన దంపతులు పెళ్లికి రాలేకపోయిన బంధువుల ఇళ్లకు యాత్రగా వెళ్లేవారు, తరచుగా స్నేహితులో బంధువులో వెంట ఉండేవారు. తెలుగువారి మనుగుడుపుల్లో సైతం కొత్త జంటను బంధుజనమే చుట్టుముట్టి ఉండేది గనుక, ఏకాంతమే హనీమూన్‌కు సారమన్న భావన రెండు చోట్లా తరవాత వచ్చిందేనని చెప్పాలి. ఆ ఏకాంతాన్ని సముద్రం నడుమ వెతుక్కోవడం విమానాలు వచ్చాకే సాధ్యమయింది. న్యూజీలాండ్ విమాన సంస్థ టీల్ 1951 నుంచి 1960 వరకు కోరల్ రూట్ అనే పేరుతో నీటి మీద దిగే విమానాలను తహీతీకి నడిపింది. దారిలో ఐతుతాకి లగూన్‌లో ఇంధనం నింపుకునే సమయంలో ప్రయాణికులు అక్కడి నిర్జన దీవిలో దిగి ఈతకొట్టేవారు. తహీతీలోని ఫఆ వద్ద జెట్ విమానాలు దిగగల రన్‌వే 1960-61లో సిద్ధమయ్యాక ఆ తీరిక ప్రయాణానికి కాలం చెల్లింది.

ప్రచారానికి కావలసిన కథ మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. 1768లో తహీతీకి వచ్చిన ఫ్రెంచ్ నావికుడు బూగన్‌విల్, ఆ దీవికి గ్రీకు ప్రణయదేవత నెలవు పేరిట నూతన సితేరా అని నామకరణం చేశాడు. అయితే ఈ ప్రణయద్వీప కథకు సరిపడని సంగతి ఒకటుంది. అల్జీరియా 1962లో స్వతంత్రమయ్యాక ఫ్రాన్స్ అక్కడ జరుపుతున్న తన అణుపరీక్షలను పాలినేషియాకు తరలించి, 1966 జూలై 2న మొరురోవా దీవిలో తొలి పేలుడు జరిపింది, అంటే రయాటియా కుటీరాలకు సరిగ్గా ముందరి ఏడాది. 1996 జనవరిలో ముగిసేలోగా మొరురోవా, ఫంగతావ్‌ఫాలలో జరిగిన పరీక్షలు 193. ఒకే పాలన కింద ఒక కొసన బాంబు, మరో కొసన ప్రణయవిహారం మూడు దశాబ్దాలు సాగాయి. పర్యాటక ప్రచారపత్రాలలో మాత్రం రెండోదే అచ్చయింది.

ఈ విహారంలో భాగంగా జంటలకు అందించే వినోదాలలో కొన్నిటి వేర్లు నిజంగా స్థానికమైనవే. ఫ్రెంచ్ పాలినేషియాలోని బోరాబోరా దీవిలో ఉదయపు ఫలహారాన్ని కుటీరం మెట్ల దాకా తెచ్చే పడవ, ఒరిగిపోకుండా పక్కన తేలుడు కర్ర కట్టిన పాలినేషియన్ పడవే. మోతు అనే చిన్న ఇసుక దిబ్బపై జరిపే వనభోజనం, హోటలు బల్లలు వేయకముందు, కొబ్బరితోటలకూ చేపల వేటకూ వెళ్లినవారి మధ్యాహ్న భోజనమే. తియరే పువ్వు మన గంధరాజానికి బంధువు. దాన్ని ఎడమ చెవి మీద తురుముకుంటే మనసిచ్చినవారు ఉన్నట్టు, కుడి చెవి మీద అయితే లేనట్టు అర్థం. పెళ్లితంతులో దంపతులిద్దరికీ కలిపి చుట్టే తిఫైఫై అనే అతుకుల దుప్పటి మాత్రం మరీ ప్రాచీనం కాదు. ఆ కుట్టుపనిని పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల భార్యలు నేర్పగా స్థానిక స్త్రీలు తమ పూలతో, ఆకులతో దాన్ని సొంతం చేసుకున్నారు.

వాటర్ విల్లాకు రెండో ఇల్లు హిందూ మహాసముద్రంలోని మాల్దీవులు. 1960లలో అక్కడికి వచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణులు ఈ దేశం పర్యాటకానికి పనికిరాదని తేల్చినా, ఇటలీకి చెందిన ప్రయాణ ఏజెంటు జార్జ్ కోర్బిన్ 1972లో తొలి పర్యాటక బృందాన్ని తీసుకురాగా, అదే ఏడాది అక్టోబరులో కురుంబా రిసార్టు ముప్పై గదులతో తెరుచుకుంది. ఒక దీవికి ఒకే రిసార్టు అన్న నియమాన్ని కూడా యాత్రికులు ప్రకృతి వరంగా చూస్తారు. నిజానికి అది ముస్లిం సమాజపు కట్టుబాట్లు, విదేశీయుల మద్యం, ఈతదుస్తులు ఒకదానికొకటి ఎదురుపడకుండా, జనావాసం లేని దీవులనే పర్యాటకానికి కేటాయించిన ప్రభుత్వ విధానం. జంటలు కోరిన ఏకాంతమూ పాలకులు కోరిన ఎడమూ ఇలా ఒకే ఏర్పాటులో కుదిరాయి. ఈ వ్యాపారం ప్రధానంగా ఒకే విమానాశ్రయం మీద ఆధారపడటం వల్ల ఆ మాలే విమానాశ్రయం రాజకీయ వివాదం కూడా అయింది. శంషాబాద్ విమానాశ్రయాన్ని నిర్మించిన జీఎంఆర్ సంస్థకు మలేసియా భాగస్వామితో కలిపి 2010లో దక్కిన 25 ఏళ్ల ఒప్పందాన్ని 2012లో అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది.

2009 తరవాత మాల్దీవుల ప్రభుత్వం జనావాస దీవుల్లో కూడా అతిథిగృహాలకు అనుమతినివ్వడంతో, రిసార్టు ఖర్చు భరించలేని జంటలకు దారి ఏర్పడింది. అక్కడ మద్యం దొరకదు, ఈతదుస్తులకు విడిగా తీరం కేటాయిస్తారు, మసీదు పిలుపు గదిలోకి వినిపిస్తుంది. మాల్దీవుల సముద్రాన్నే గాక మాల్దీవుల మనుషులను కూడా చూడదలచిన జంటకు ఈ విడిదే మేలు.