బచ్చా కమ్రా, తాత కొట్టిన దూది



మా బేటీకి ఇంకో రెండు నెలల్లో కాన్పు, ఇన్షా అల్లాహ్. బేటీ, దామాద్ బెంగళూరులో ఉంటారు. ఫ్లాట్‌లో ఓ చిన్న కమ్రా ఖాళీగా ఉంటే దాన్ని బచ్చా కోసం తయారు చేస్తున్నారు. మొన్న ఫోన్ చేసి, "అబ్బా, గోడలకు ఏ రంగు వేయించమంటారు? మన ఖాందాన్‌లో బచ్చా కమ్రా ఎట్లా సజాయించేవాళ్లు?" అని అడిగింది. "మన ఇళ్లల్లో కమ్రా ఎక్కడిది బేటా, ఉయ్యాల ఉండేది, అంతే" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ సవాల్ నన్ను వదల్లేదు. నేనిచ్చిన జవాబు సగమే నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

పసిబిడ్డకు విడిగా గది అనేది పాత రివాజేమీ కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని అమీర్ ఇళ్లలో అది బాగా స్థిరపడింది. పై అంతస్తులో బిడ్డ, ఆయా. కింద అమ్మానాన్నలు. గోడలకు రంగురంగుల కాగితాలు. 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త ఒక ఆకుపచ్చ రంగు కనిపెట్టాడు. ఆ రంగూ, దాని తర్వాత వచ్చిన అలాంటి పచ్చరంగులూ గోడకాగితాల్లో తెగ వాడారు. వాటిలో ఉన్నది ఆర్సెనిక్. చూడ్డానికి ఖూబ్‌సూరత్, లోపల జహర్.

మన తారీఖ్‌లో షహజాదాలకైనా కమ్రా నసీబ్‌లో ఉండాలి. షేర్‌షా చేతిలో తఖ్తు పోగొట్టుకున్న హుమాయూన్ సింధ్ ఎడారిలో తిరుగుతున్న రోజుల్లో, అమర్‌కోట రాణా హమీదా బానుకు పనాహ్ ఇచ్చాడు. 1542 అక్టోబర్ 15న అక్కడే అక్బర్ పుట్టాడు. ఆ ఖుషీలో పంచడానికి హుమాయూన్ దగ్గర ఏమీ లేక, ఒక కస్తూరి కాయను పగలగొట్టి సాథీలకు పంచాడని ఆయన సేవకుడు జౌహర్ రాశాడు. బిడ్డకు ఏడాది దాటిన కొద్దికాలానికే తల్లిదండ్రులు ఇరాన్ దారి పట్టారు. బిడ్డ చాచా అస్కరీ చేతికి చిక్కాడు. పాలిచ్చి పెంచిన దాయీలే అతనికి ఇల్లయ్యారు. బాద్‌షా కాబోయే బిడ్డను కాపాడింది మహల్ కాదు, మనుషుల ఒడి.

మన ఇళ్లలోనూ అంతే. మొదటి కాన్పు మైకాలో. లోపలింట్లో ఓ మూల నులకమంచం, అడ్డంగా చీర పర్దా. అదే జచ్చాఖానా. చెవిలో అజాన్, నాలుక మీద ఖజూర్‌తో తహ్నీక్, ఆరో రోజు ఛట్టీ, ఏడో రోజు అఖీఖా, 40 రోజుల చిల్లా. మా జేజిది పెనుకొండ. చిల్లా తీరగానే బిడ్డను బాబయ్య దర్గాకు ఎత్తుకుపోయేది. తిరుచ్చి నత్తర్ వలీ గారి మురీదు హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ ఆరామ్ చేస్తున్న చోటది. అక్కడికి హిందువులూ వస్తారు. ఆ వైపు బాబయ్య అనే పేరు వినగానే మనిషి మజహబ్ చెప్పలేం.

మా ఆవిడది ధర్మవరం. క్రియాశక్తి ఒడయార్ తన తల్లి ధర్మాంబ పేరుమీద కట్టించిన ఊరని చెబుతారు. ఆమె పుట్టిన గల్లీలో నేతగాళ్ల ఇళ్లెక్కువ. ఇంట్లో సగం మగ్గం గుంటే. ఉయ్యాలకు మిగిలేది మగ్గం పక్కన ఉన్న దూలం. తల్లి రాట్నం మీద కండెలు చుడుతూ, ఉయ్యాల తాడును కాలి బొటనవేలికి కట్టుకుని ఊపేది. ఊరినిండా పట్టే అయినా ఆ ఉయ్యాల మాత్రం పాత నూలు చీర. ఉతికి ఉతికి మెత్తబడింది.

ఇక నేను దాచిన సగం. ఆ ఉయ్యాలలో, మంచం మీద పరిచే చిన్న గద్దా ఎవరు చేసేవాళ్లు? మావాళ్లే. హిందూపురంలో మా తాత దూదేకేవాడు. మేం ఆయన్ని దాదా అనలేదు, తాత అనేవాళ్లం. ఆయనకు వచ్చింది తెలుగే. మనిషెత్తు విల్లు, దానికి నరంతో తీగ, కొట్టడానికి చెక్క గుదియ భుజాన వేసుకుని వీధివీధి తిరిగేవాడు. ఎవరింట్లో కాన్పు దగ్గర పడినా కబురొచ్చేది. గడ్డకట్టిన దూదిని పొగమబ్బులా విడదీసి గవిసెనలో నింపి, దూరం దూరంగా కుట్లు వేసేవాడు. "పసిబిడ్డకు మెత్తగా ఎత్తుగా వద్దు, పల్చగా గట్టిగా ఉండాల" అనేవాడు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దూదే. దగ్గు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

సర్కారీ జాబితాలో మా పేర్లు బీసీ-బి కింద ఉంటాయి: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. అరబీలో నద్దాఫ్ అంటే దూదేకేవాడు. 922లో బగ్దాదులో ఉరికంబమెక్కిన మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్‌కూ అదే అర్థం. వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్యా దూదేకులే. అయినా తెలుగులో పింజారి అంటే తిట్టు. ఏ బిడ్డ కిందైతే మావాళ్లు దూది పరిచారో, ఆ బిడ్డ పెద్దయి ఆ మాటే తిట్టుగా వాడాడు. అటు ముసల్మానుల్లోనూ రిష్తా మాట వస్తే, "దూదేకులోళ్లా?" అని గొంతు తగ్గేది. అందుకే మా అబ్బాజాన్ పట్టుబట్టి ఉర్దూ నేర్చుకున్నాడు, విల్లును అటక ఎక్కించాడు. నేనూ ఆ అటక దించలేదు. తర్వాత మిషన్లొచ్చాయి, ఫోమ్ పరుపులొచ్చాయి, వీధిలో ఆ తీగ మోత ఆగిపోయింది.

పాతదంతా మంచిదని నేననను. తలుపులు మూసి వేసే సాంబ్రాణి పొగ, తల చుట్టూ దిండ్లు వద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలని డాక్టర్లు ఇప్పుడూ చెబుతున్నారు. మా తాత చదువుకోకుండానే ఆ మాట అన్నాడు. రంగు ఏదైనా ఫర్వాలేదు, సీసం చూసుకోవాలి. మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించకూడదని కానూన్ ఉంది. డబ్బా మీద చూసి కొనండి.

నిన్న బేటీకి మళ్లీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అబ్బా, ఇది మా అత్తమ్మకు చెప్పొచ్చా?" అని అడిగింది.

నలభై ఏళ్లుగా నేనైతే వద్దనేవాణ్ని. "చెప్పు బేటా. నీ బిడ్డ పడుకునే గద్దా గురించే కదా" అన్నాను.

రేపు అటక దించుతాను. జచ్చా బచ్చా ఖైరియత్‌గా ఉండాలని మీ దువాల్లో యాద్ చేయండి.