థైరాయిడ్ హార్మోన్లు – సంతాన చికిత్స

థైరాయిడ్ గ్రంథి స్రవించే టి3, టి4 హార్మోన్లు తగ్గితే అండం విడుదల గాడి తప్పుతుంది, గర్భస్రావాల ముప్పూ పెరుగుతుంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ పెరిగినప్పుడు ఈ లోపం మరింత బయటపడుతుంది. లోపమున్న స్త్రీలకు ఐవీఎఫ్ వేళ, థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్‌ను లీటరుకు 2.5 మిల్లీయూనిట్ల లోపు ఉంచాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో సూచించింది.

ఈ లోపాన్ని పూడ్చే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తెల్లవారకముందే టీ తాగి మిరప కోతకు వెళ్లే స్త్రీకి ఈ నియమం కష్టమే. అయినా టీ, కాఫీలతోగానీ ఐరన్, కాల్షియం బిళ్లలతోగానీ వేసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు. వైద్యులు ఈ మాట విడమరిచి చెప్పాలి.

హార్మోన్లు మామూలుగానే ఉండి, థైరాయిడ్ యాంటీబాడీలు మాత్రమే కనిపించినవారికి ఈ మాత్రతో సజీవ జననాలు పెరగలేదని 2019లో వెలువడిన బ్రిటన్ పరిశోధన తేల్చింది.